సున్న, గీత, కామా

కొండాపురం దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక ఇల్లు. రాత్రి అన్నాలు అయినాయి. అత్త బర్రె పాలు కాచింది. గోరువెచ్చగా ఆరనిచ్చింది. చెంచాడు పెరుగు వేసి కలిపింది. మూత పెట్టింది. ఇంకో గిన్నెలో కాసిని పచ్చిపాలు మిగిలాయి. వాటిని ఎవరూ కాచలేదు. తోడు వేయలేదు. మూత కూడా పెట్టలేదు.

తెల్లారింది. మొదటి గిన్నెలో పెరుగు గట్టిగా తోడుకుంది. రెండో గిన్నెలో పాలు విరిగి కంపు కొడుతున్నాయి.

"అత్తా, రెండూ ఒక బర్రె పాలే గదా! ఒకటి పెరుగెట్టా అయింది? ఇంకొకటి ఎందుకు చెడింది?" అని కోడలు అడిగింది.

"నా చిన్నప్పటి నుంచీ ఇంతేనమ్మా" అంది అత్త.

అత్తకు పని తెలుసు. కారణం తెలియదు. ఆ రెండు గిన్నెల్లోనూ రాత్రంతా కొన్ని జీవులు పని చేశాయి. అవి కంటికి కనబడవు. వాటి పేరు బాక్టీరియా. వాటిలో కొన్ని మనకు కూడు పెడతాయి. కొన్ని ప్రాణం తీస్తాయి. ఏది ఏ పని చేస్తుందో తెలియాలంటే, ముందు వాటి ఒంటి తీరు తెలియాలి.

మిరియాల నీళ్లలో ఏముంది?

హాలెండు దేశంలో డెల్ఫ్ట్ అనే ఊరు ఉంది. ఆ ఊళ్లో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. ఆయన పెద్ద చదువులు చదవలేదు. గాజును అరగదీసి భూతద్దాలు చేయడం ఆయనకు ఇష్టం. మిరియం ఎందుకు ఘాటుగా ఉంటుందో చూడాలని ఆయనకు అనిపించింది. 1676లో మిరియాలు నీళ్లలో నానబెట్టాడు. కొన్నాళ్ల తర్వాత ఆ నీటి చుక్కను భూతద్దంలో చూశాడు.

ఘాటు సంగతి తేలలేదు. కానీ ఆ చుక్కలో లెక్కలేనన్ని బుల్లి జీవులు కనబడ్డాయి. అవి కదులుతున్నాయి. 1683లో ఆయన తన పంటి పాచిని కూడా చూశాడు. అందులోనూ అవే! బాక్టీరియాను మొదట చూసిన మనిషి ఆయనే.

అవి ఎంత చిన్నవి? స్కేలు తీసి చూడండి. దాని మీద అన్నిటికన్నా దగ్గరగా ఉన్న రెండు గీతల మధ్య దూరం ఒక మిల్లీమీటరు. మన పేగుల్లో ఉండే ఒక రకం బాక్టీరియాను ఆ సందులో వరసగా పేరిస్తే సుమారు 500 పడతాయి.

చిన్నవే గాని, పెరగడంలో గట్టివి. ఒకటి నడిమికి చీలి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. తిండి, వెచ్చదనం, తడి ఉంటే కొన్ని రకాలు 20 నిమిషాలకు ఒకసారి చీలతాయి. గంటలో ఒకటి 8 అవుతుంది. 2 గంటల్లో 64. 3 గంటల్లో 512. అట్లా ఆగకుండా చీలుతూ పోతే 10 గంటల్లో 107 కోట్లు! రాత్రి వండిన కూర ఎండాకాలం తెల్లారేసరికి ఎందుకు పాడవుతుందో ఈ లెక్క చెబుతుంది.

ఒక్క గది ఇల్లు

ఇటుక మీద ఇటుక పేర్చి ఇల్లు కడతారు. మన ఒళ్లు కూడా అట్లా చిన్న చిన్న ఇటుకలతో కట్టిందే. ఆ ఇటుకను కణం అంటారు. మనిషి ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉన్నాయి. బాక్టీరియాకు ఉన్నది ఒక్కటే కణం. తినేదీ అదే. పెరిగేదీ అదే. పిల్లను పెట్టేదీ అదే.

ఆ కణం ఒక్క గది ఇల్లు లాంటిది. బయట నుంచి లోపలికి పోయి చూద్దాం.

మొదట గోడ. బాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. దాని ఆకారాన్ని నిలిపేది ఆ గోడే. గోడ లేకపోతే నీళ్లు లోపలికి చొరబడతాయి. కణం ఉబ్బి, బుడగలా పగిలిపోతుంది.

గోడ లోపల పలుచని పొర. ఇది వాకిలి లాంటిది. కావలసిన తిండిని లోపలికి రానిస్తుంది. చెత్తను బయటికి పంపుతుంది.

పొర లోపల జావ. ఆ జావలో వేల కొద్దీ చిన్న మరలు ఉంటాయి. వాటిని రైబోజోములు అంటారు. కణానికి కావలసిన మాంసకృత్తులను ఈ మరలే తయారు చేస్తాయి. ఇవి ఆగితే కణం పెరగలేదు.

జావలోనే ఒక పొడవాటి పోగు చుట్ట చుట్టుకుని ఉంటుంది. దాన్ని డి.ఎన్.ఎ. అంటారు. కణం ఎట్లా ఉండాలో, ఏం చేయాలో అందులో రాసి ఉంటుంది. తల్లి కణం చీలేటప్పుడు ఆ రాతకు నకలు తీసి పిల్ల కణానికి ఇస్తుంది.

మన కణాల్లోనూ ఇట్లాంటి పోగు ఉంది. కాని మన కణంలో దానికి వేరే గది ఉంది. ఆ గదిని కేంద్రకం అంటారు. చెట్టుకు, గొర్రెకు, మనిషికి కణంలో ఆ గది ఉంటుంది. బాక్టీరియాకు లేదు. జీవులను విడదీసే పెద్ద గీత ఇదే.

కొన్ని బాక్టీరియాకు ఇంకా కొన్ని సాధనాలు ఉంటాయి. టైఫాయిడు క్రిమికి తోకల్లాంటి పోగులు ఉంటాయి. వాటితో అది ఈదుతుంది. కొన్నిటికి ఒంటి నిండా నూగు ఉంటుంది. ఆ నూగుతో పేగులకు, మూత్రం దారికి అతుక్కుంటాయి. నిమోనియా తెచ్చే ఒక క్రిమికి గోడ బయట జిగురు పూత ఉంటుంది. మన నెత్తురులోని తెల్ల కణాలు దాన్ని పట్టుకోబోతే జారిపోతుంది.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. బాక్టీరియాకు గోడ ఉంది. మన కణాలకు పొర ఉంది గాని గోడ లేదు. ఈ తేడాతో ముందు పని పడుతుంది.

సున్నలు, గీతలు, కామాలు

బాక్టీరియా వేల రకాలు. వాటిని ఎట్లా గుర్తు పట్టాలి? మొదటి గుర్తు ఆకారం. పలక పట్టినవాళ్లందరికీ ఈ ఆకారాలు తెలుసు.

ఒక రకం సున్నలు. ఇవి గుండ్రంగా ఉంటాయి. కొన్ని సున్నలు పూసల దండలా వరసగా ఉంటాయి. పిల్లలకు గొంతు నొప్పి, జ్వరం తెచ్చే ఒక క్రిమి ఈ రకమే. దాన్ని పట్టించుకోకపోతే కొందరు పిల్లలకు తర్వాత కీళ్లు వాస్తాయి. గుండె కూడా దెబ్బ తింటుంది. కొన్ని సున్నలు ద్రాక్ష గుత్తిలా ఉంటాయి. సెగగడ్డలు తెచ్చేవి ఎక్కువగా ఇవే.

రెండో రకం గీతలు. ఇవి చిన్న పుల్లల్లా ఉంటాయి. టైఫాయిడు, క్షయ, కుష్టు తెచ్చేవి గీతలే. పెరుగులో సున్నలూ ఉంటాయి, గీతలూ ఉంటాయి. కాబట్టి ఆకారం చూసి మంచిది, చెడ్డది అని చెప్పలేం.

మూడో రకం కామాలు. వాక్యంలో ఆగడానికి పెట్టే గుర్తులా వంకరగా ఉంటాయి. కలరా క్రిమి కామా. జర్మనీ డాక్టరు రాబర్ట్ కాక్ 1883లో మన కలకత్తాకు వచ్చి దీని మీద పని చేశాడు. కలరా రోగుల పేగుల్లో ఆ కామాలను చూశాడు. జనం వాడుకునే చెరువు నీళ్లలోనూ వాటినే చూశాడు. కలరా నీళ్ల ద్వారా వస్తుందనే మాటకు బలం చేకూరింది.

నాలుగో రకం మెలికలు. ఇవి స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంటాయి. ఎలుకల జ్వరం తెచ్చే క్రిమి ఈ రకం. ఎలుక మూత్రం కలిసిన బురదలో, నీళ్లలో అది ఉంటుంది. కాలికి పుండు ఉన్నవాళ్లు ఆ బురదలో దిగితే ఒంట్లోకి పోతుంది.

రంగు పట్టేవి, రంగు వదిలేవి

ఆకారం ఒక్కటే చాలదు. పుల్లల్లాంటివి ఎన్నో ఉన్నాయి. అందుకే రెండో గుర్తు కావలసి వచ్చింది. 1884లో డెన్మార్కు దేశపు డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఆ గుర్తు కనిపెట్టాడు.

కొత్త చీరలు ఉతికి చూడండి. ఒక చీర రంగు పోదు. ఇంకో చీర రంగు నీళ్లలో కలిసిపోతుంది. గ్రామ్ బాక్టీరియాకు ఊదా రంగు వేశాడు. తర్వాత స్పిరిట్‌తో కడిగాడు. కొన్ని రంగును పట్టుకుని ఉన్నాయి. కొన్ని వదిలేశాయి. వదిలేసినవి కనబడటానికి ఇప్పుడు వాటికి ఎర్ర రంగు వేస్తారు.

తేడా గోడలో ఉంది. దళసరి గోడ ఉన్నవి ఊదా రంగును వదలవు. సెగగడ్డల క్రిమి, పెరుగు క్రిములు ఈ గుంపులోవి. పలుచని గోడ ఉన్నవి రంగు వదిలేస్తాయి. వాటికి గోడ బయట కొవ్వుతో చేసిన ఇంకో పొర ఉంటుంది. టైఫాయిడు, కలరా క్రిములు ఈ గుంపులోవి. ఆ బయటి పొర కొన్ని మందులను లోపలికి రానివ్వదు. అందుకే రంగు చూస్తే ఏ మందు పనికొస్తుందో డాక్టరుకు కొంత తెలుస్తుంది.

క్షయ క్రిమి ఈ రెండిటిలోనూ సరిగా ఇమడదు. దాని గోడకు మైనం లాంటి పూత ఉంది. మామూలు రంగు దానికి సరిగా పట్టదు. దానికి వేరే రంగు వేసి, వేడి చేసి చూస్తారు. కళ్లె పరీక్షలో చేసేది అదే. ఈ క్రిమిని కనుగొన్నదీ రాబర్ట్ కాక్‌యే. ఆ సంగతి 1882 మార్చి 24న చెప్పాడు. ఏటా మార్చి 24ను క్షయ దినంగా జరిపేది అందుకే.

క్షయ క్రిమి చాలా నిదానంగా పెరుగుతుంది. కొన్ని రకాలు 20 నిమిషాల్లో రెండవుతాయి గదా! దీనికి దాదాపు ఒక రోజు పడుతుంది. మైనం పూత ఒక అడ్డం. నిదానం ఇంకో అడ్డం. అందుకే మామూలు క్షయకు కూడా ఆరు నెలలు మందు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది. ఆకలి వేస్తుంది. "నయమైంది గదా" అని మానేస్తే, లోపల దాక్కున్నవి మళ్లీ లేస్తాయి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకు, మందులకు డబ్బు తీసుకోరు.

విత్తులా దాక్కునేవి

వానలు లేని ఏడు మెట్ట పొలంలో గడ్డి ఎండిపోతుంది. కాని గడ్డి విత్తు మట్టిలో ఉంటుంది. వాన పడగానే మొలుస్తుంది. కొన్ని బాక్టీరియా కూడా అంతే. కష్టం వస్తే కణం లోపల గట్టి పెంకుతో విత్తు లాంటిది తయారవుతుంది. ఎండకు, చలికి అది చావదు. మామూలుగా నీళ్లు మరగబెట్టినా కొన్ని చావవు.

జీవాలకు వచ్చే దొమ్మ రోగం అట్లాంటిదే. దాన్నే ఆంత్రాక్స్ అంటారు. గొర్రె ఉన్నట్టుండి పడి చస్తుంది. ముక్కులో నుంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారుతుంది. ఆ నెత్తురు గడ్డ కట్టదు. అట్లాంటి గొర్రెను కోయరాదు. కోస్తే క్రిమికి గాలి తగులుతుంది. గాలి తగిలితేనే అది విత్తుగా మారుతుంది. ఆ విత్తులు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. తర్వాత అక్కడ మేసిన జీవాలకు రోగం వస్తుంది. కోసినవాళ్ల చేతుల మీద నల్లటి పుండ్లు లేస్తాయి. ఆ మాంసం తిన్నవాళ్ల ప్రాణానికే ముప్పు. పశువుల డాక్టరుకు చెప్పాలి. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి.

"వేల రూపాయల గొర్రె మట్టిపాలు చేయాలా?" అని ఇంట్లో మగవాళ్లు అనవచ్చు. గొర్రె పోయింది. మనిషి పోకూడదు. మంద పోకూడదు. దొమ్మ రోగానికి టీకా ఉంది. రోగం వచ్చే చోట్ల ఏటా వేయించాలి.

ధనుర్వాతం క్రిమి కూడా విత్తు కడుతుంది. అది డప్పు కొట్టే పుల్లలా ఒక కొన ఉబ్బి ఉంటుంది. మట్టిలో, పేడలో ఉంటుంది. గాలి దానికి పడదు. లోతైన గాయంలో గాలి ఆడదు. అక్కడ అది పెరుగుతుంది. పూర్వం కాన్పులో బొడ్డును ఏ కత్తితోనో కోసేవాళ్లు. బొడ్డుకు పేడ, బూడిద పూసేవాళ్లు. బిడ్డ వారం తిరక్కముందే పాలు తాగలేక, కొయ్యలా బిగుసుకుని చనిపోయేది. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ అనుకునేవాళ్లు. అది సోకు కాదు. విత్తు కట్టిన బాక్టీరియా. గర్భిణికి సూది వేయడం, ఆసుపత్రి కాన్పు, శుభ్రమైన బ్లేడు దాన్ని ఆపాయి. తల్లులకు, పసిబిడ్డలకు వచ్చే ధనుర్వాతం మన దేశంలో అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. ఆ అదుపు నిలవాలంటే సూదులు మానకూడదు.

అన్నీ చెడ్డవి కావు

మన ఒంట్లో మన కణాలు ఎన్ని ఉన్నాయో, దాదాపు అన్ని బాక్టీరియా కూడా ఉన్నాయి. ఎక్కువ భాగం పెద్ద పేగులో ఉంటాయి. తిండి అరగడానికి అవి సాయం చేస్తాయి. చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తాయి.

దోసెల పిండి పులిసేది బాక్టీరియా వల్లే. కంది మొక్కను, మినుము మొక్కను మెల్లగా పెరికి వేరు చూడండి. వేరుకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఆ బుడిపెల్లో బాక్టీరియా కాపురం ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎరువుగా ఇస్తుంది. బుడిపె గిల్లితే లోపల ఎర్రగా ఉంటే పని బాగా జరుగుతున్నట్టు.

గోడను పడగొట్టే మందు

1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే డాక్టరు సెగగడ్డల క్రిమిని గాజు పళ్లెంలో పెంచుతున్నాడు. ఒక పళ్లెంలో బూజు పడింది. బూజు చుట్టూ క్రిములు కరిగిపోయాయి. ఆ బూజు నుంచి వచ్చిందే పెన్సిలిన్. క్రిమి గోడ కట్టుకునేటప్పుడు పెన్సిలిన్ ఆ పనిని ఆపుతుంది. గోడ లేని క్రిమి ఉబ్బి పగిలిపోతుంది. మన కణాలకు గోడే లేదు. అందుకే వాటికి దెబ్బ తగలదు. కొందరి ఒంటికి మాత్రం పెన్సిలిన్ పడదు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంకో మందు కథలో మన తెలుగువాడు ఉన్నాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు జబ్బుతో చనిపోయారు. ఆయన మద్రాసులో వైద్యం చదివారు. అమెరికా వెళ్లారు. తర్వాత లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనకు పెద్ద అయినారు. ఆయన నడిపిన ఆ పరిశోధనలో డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి పసుపు పచ్చటి మందు తీశాడు. దాని పేరు ఆరియోమైసిన్. అది 1948లో బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో ఇదే మొదటిది. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు.

ఈ మందు గోడ జోలికి పోదు. లోపలి మరలను ఆపుతుంది. మన కణాల్లోనూ మరలు ఉన్నాయి గాని వాటి తీరు వేరు. అందుకే మందు క్రిమిని పట్టుకుంటుంది, మనల్ని వదిలేస్తుంది. టెట్రాసైక్లిన్‌ను మామూలుగా గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. పిల్లల పళ్లు పసుపు పచ్చగా మారతాయి.

మందుకు లొంగని క్రిమి

జలుబు, ఆటలమ్మ, తట్టు బాక్టీరియా వల్ల రావు. వైరస్ వల్ల వస్తాయి. వైరస్‌కు గోడ లేదు, మరలు లేవు. అది కణమే కాదు. గోడ పడగొట్టే మందు దాన్ని ఏం చేస్తుంది? జలుబుకు ఈ మందులు మింగితే డబ్బు దండగ. పైగా ఒంట్లోని మంచి బాక్టీరియా చస్తాయి.

ఇంకో నష్టం కూడా ఉంది. కోట్ల క్రిముల్లో ఏ ఒకటో రెండో మొండివి ఉంటాయి. వాటి పోగులో రాత కొంచెం మారి ఉంటుంది. మందు వాడినప్పుడల్లా మెత్తనివి చస్తాయి. మొండివి మిగులుతాయి. మిగిలినవి చీలి కోట్లవుతాయి. అవసరం లేకుండా మందు వాడినకొద్దీ, క్షయ మందు మధ్యలో ఆపినకొద్దీ మొండివి పెరుగుతాయి. అవి ఇంట్లోవాళ్లకు, పొరుగువాళ్లకు అంటుకుంటాయి. నిన్న నయం చేసిన మందు రేపు చేయదు.

బిడ్డకు నీళ్ల విరేచనాలు అయితే ముందు కావలసింది ఈ మందు కాదు, నీళ్లు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించాలి. టీ చెంచాతో తలకొట్టి కొలవాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే ఇంకా మంచిది. తల్లిపాలు మానకూడదు. విరేచనంలో నెత్తురు పడినా, బిడ్డ సోలిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మందుల అట్టను చేతిలోకి తీసుకుని చూడండి. కొన్ని అట్టల మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఆ మందు వాడకూడదని దాని అర్థం. ఆ గీత గురించి 2016లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ప్రచారం చేసింది. అట్ట మీద తేదీ కూడా ఉంటుంది. తేదీ దాటిన మందు వాడకూడదు. వేలిముద్ర వేసిన రోజుల్లో ఆ గీత, ఆ తేదీ కంటబడినా అర్థం తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తుంది.

మళ్లీ రెండు గిన్నెలు

కోడలి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. అత్త పాలు కాచింది. పాలలో ఉన్న క్రిములు చాలావరకు చచ్చాయి. తర్వాత తోడు వేసింది. తోడు అంటే కోట్ల కొద్దీ పెరుగు బాక్టీరియా. అవి పాలలోని చక్కెరను తిని పులుపును చేశాయి. పులుపుకు పాలు గడ్డ కట్టాయి. ఆ పులుపులో చెడ్డ క్రిములు సులువుగా పెరగలేవు. రెండో గిన్నెను కాయలేదు, మూత పెట్టలేదు. ఏ క్రిమి పడితే అది పెరిగింది.

మరీ వేడి పాలలో తోడు వేస్తే పెరుగు కాదు. ఎందుకు? తోడులోని జీవులు ఆ వేడికి చస్తాయి. అత్త పాలను గోరువెచ్చగా ఆరనిచ్చింది అందుకే. కారణం తెలియకపోయినా ఆమె చెయ్యి ఆ జీవులను ఏళ్ల తరబడి కాపాడుతూ వచ్చింది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. బాక్టీరియా కణానికి ఉండి, మన కణానికి లేనిది ఏది?
2. సున్నలు, గీతలు, కామాలు, మెలికలు: ఒక్కోదానికి ఒక రోగం పేరు రాయండి.
3. ఉన్నట్టుండి చచ్చిన గొర్రెను ఎందుకు కోయకూడదు?
4. మీ ఇంట్లో ఉన్న మందుల అట్టలు తెండి. ఎర్ర గీత ఉన్నవి ఏవి? తేదీ దాటినవి ఏవి?